వెబ్ పాఠాలకు డిజిటల్ వనరులు: ఏరడం, పరీక్షించడం, పదిలపరచడం – టీచర్ల కోసం సమగ్ర మార్గదర్శి

పదో తరగతి విద్యుత్ పాఠం మీద వెతకడం మొదలుపెడితే సాయంత్రానికి పేజీల కొద్దీ లింకులు పోగవుతాయి. వీడియోలు, పీడీఎఫ్‌లు, క్విజ్‌లు, స్లయిడ్లు, యాప్‌లు. వాటన్నిటినీ తరగతి వాట్సాప్ గ్రూపులోకి పంపేస్తే పిల్లలు మొదటిది సగం చూస్తారు, రెండోది తెరవరు, మూడో రోజుకి అవన్నీ గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద కూరుకుపోతాయి. ఒక పాఠానికి ఐదారు వనరులు చాలు. కాకపోతే ఆ ఐదారిటినీ టీచరు మొదటి నుంచి చివరిదాకా తానే చూసి ఉండాలి. ఏది ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో స్పష్టంగా తెలిసి ఉండాలి. అలా ఏరి, పరీక్షించి, వచ్చే ఏడాదికి కూడా పనికొచ్చేలా దాచుకోవడం ఎలాగో చెబుతాను. ఉదాహరణకి విద్యుత్ పాఠాన్నే చివరిదాకా పట్టుకుంటాను. మీ సబ్జెక్టు వేరైనా దారి ఇదే.

1. వెతకడానికి ముందు: పిల్లలు ఎక్కడ ఆగిపోతారో రాసుకోండి

సెర్చ్ బాక్సులో పాఠం పేరు కొట్టడం అందరం చేసే పనే. దానివల్ల పాఠం మొత్తాన్ని అప్పజెప్పే వీడియోలే వస్తాయి. అలాంటి పాఠం మీరు తరగతిలో ఎలాగూ చెబుతారు. వెబ్ వనరు అవసరమయ్యేది పిల్లలు తడబడే చోట. కాబట్టి ముందు ఒక కాగితం మీద ఆ చోట్లు రాయండి. విద్యుత్ పాఠంలో ఎన్నేళ్లు చెప్పినా మళ్లీ మళ్లీ ఎదురయ్యేవి ఇవి:

– కరెంటు బల్బులోకి వెళ్లి కొంత ఖర్చయిపోతుందని, అవతలి వైపు తక్కువే బయటికి వస్తుందని అనుకోవడం.
– సర్క్యూట్‌లో ఏం మార్చినా బ్యాటరీ మాత్రం ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందని అనుకోవడం.
– నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎందుకు తగ్గుతుందో సూత్రం వచ్చినా అర్థం కాకపోవడం.
– కిలోవాట్ అవర్ అంటే సామర్థ్యమా, శక్తా అన్న అయోమయం.

ఇప్పుడు వెతకాల్సింది పాఠం కోసం కాదు, ఈ నాలుగింటి కోసం. పని సగం తగ్గిపోతుంది. పైగా దొరికినదాన్ని కొలవడానికి మీ చేతిలో ఒక కొలమానం ఉంటుంది.

2. పిల్లల చేతిలో ఏముందో తెలుసుకోండి

ఒక చిన్న ప్రశ్నల కాగితం చాలు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎవరిది, ఏ వేళల్లో దొరుకుతుంది, రోజూ డేటా మిగులుతుందా, ఊళ్లో సిగ్నల్ ఎలా ఉంది. చాలా ఇళ్లలో ఫోన్ నాన్నది. ఆయన పని నుంచి వచ్చాక, రాత్రి భోజనాల వేళ కాసేపు పిల్లల చేతికి వస్తుంది. అక్కాతమ్ముళ్లు ఇద్దరుంటే ఆ కాసేపూ సగమే. ముప్పావుగంట వీడియో ఎంత గొప్పదైనా ఆ ఇంట్లో అది ఆడదు.

వీడియోకి ఎంత డేటా అవుతుందో ఊహించకండి. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం చూసి, వీడియోని 360పి నాణ్యతలో ఆడించి, మళ్లీ చూడండి. ఆ తేడాని రాసి పెట్టుకోండి. పిల్లలకి ఇచ్చే జాబితాలో ఆ అంకె కూడా ఉంటే తల్లిదండ్రులకి టెన్షన్ ఉండదు.

3. ఎక్కడ వెతకాలి

మొదట పాఠ్యపుస్తకమే తెరవండి. పాఠాల దగ్గర ఉండే క్యూఆర్ కోడ్‌లు దీక్ష వేదికలోకి తీసుకెళ్తాయి. 2017 సెప్టెంబరులో మొదలైన ఈ జాతీయ వేదికలో రాష్ట్రాల వారీగా, తరగతుల వారీగా సామగ్రి ఉంటుంది. కెమెరా సరిగా లేని ఫోన్‌లో క్యూఆర్ కింద ఉన్న ఆరక్షరాల కోడ్‌ని టైప్ చేసినా సరిపోతుంది. ఈ సంగతి పిల్లలకి తప్పకుండా చెప్పండి. అన్ని కోడ్‌ల వెనకా ఉన్నది ఒకే నాణ్యతలో ఉండదు కాబట్టి ప్రభుత్వ వేదిక అని చూడకుండా వదిలేయకండి, చూడకుండా ఇవ్వకండి.

తెలంగాణలో టి-శాట్ విద్య, నిపుణ ఛానళ్ల పాఠాలు టీవీలోనూ యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. ఫోన్ లేని ఇంటికి టీవీ పాఠం పెద్ద ఆసరా. సైన్సు ప్రయోగాలకి నేను మొదట చూసేది ఫెట్ అనే వెబ్‌సైట్. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న వారిలో ఒకరైన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌లో దీన్ని ప్రారంభించారు. అందులోని సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే నమూనా ప్రయోగాలు, ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. బొమ్మల కోసం వికీమీడియా కామన్స్, చదివే సామగ్రికి తెలుగు వికీపీడియా, లోతుగా వెళ్లాలనుకునే పిల్లలకి ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ.

వెతికేటప్పుడు తెలుగు మాటతో ఒకసారి, అదే మాటని ఇంగ్లీషులో ఒకసారి వెతకండి. 'శ్రేణి సంధానం' అని కొడితే ఒక లోకం, 'సిరీస్ సర్క్యూట్' అని కొడితే ఇంకో లోకం తెరుచుకుంటాయి. మన ద్విభాషా పుస్తకాల్లో రెండు మాటలూ ఎదురెదురు పేజీల్లోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు.

అన్నిటికన్నా మంచి వనరు ఒక్కోసారి ఇంట్లోనే ఉంటుంది. కిలోవాట్ అవర్ కోసం పదిహేను నిమిషాల వీడియో వెతికే కన్నా మీ ఇంటి కరెంటు బిల్లు ఫొటో తీయండి. సర్వీస్ నంబరు, పేరు, చిరునామా చెరిపేసి, 'యూనిట్లు' అన్న గడిని ఎర్రగా గుర్తు పెట్టండి. '1000 వాట్ల హీటరు గంటసేపు వాడితే ఒక యూనిట్. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె మీద ఎన్ని వాట్లని రాసి ఉంది? అరగంట వాడితే ఎన్ని యూనిట్లు?' అని అడగండి. తయారీకి పది నిమిషాలు, డేటా ఖర్చు దాదాపు సున్నా.

4. పరీక్ష: ఇక్కడ తొందరపడొద్దు

నాణ్యతకి మార్కుల పట్టికలు చాలా ఉన్నాయి. బొమ్మలకి ఇన్ని, భాషకి ఇన్ని, విషయానికి ఇన్ని అని వేసి కూడతారు. నాకు ఆ కూడిక మీద నమ్మకం లేదు. విషయం తప్పుగా ఉన్న వీడియోకి కూడా బొమ్మలు, గొంతు, సంగీతం బాగున్నాయని పదికి ఏడు వచ్చేస్తాయి. అందుకే వరుసగా గేట్లు పెట్టుకోండి. ఒక గేటు దగ్గర ఆగిపోయినది తర్వాతి గేటు దాకా రాకూడదు.

*మొదటి గేటు: ఎవరు చేశారు?* పేజీలోనే 'మా గురించి' చదివి తృప్తిపడకండి, తన గురించి చెడుగా ఎవరూ రాసుకోరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చరిత్రకారులనీ, విద్యార్థులనీ, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవారినీ ఒకే రకం వెబ్ పేజీల ముందు కూర్చోబెట్టి చూశారు. 2017లో ఫలితాలు బయటికి వచ్చాయి. నిజనిర్ధారణ చేసేవారు వెంటనే ఆ పేజీ వదిలి, పక్కన కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. చదువుకున్న మిగతావాళ్లలో చాలామంది ఆ పేజీలోనే కిందికీ పైకీ తిరుగుతూ ఉండిపోయారు. మనం చేయాల్సింది మొదటివాళ్ల పని. రెండు నిమిషాలు చాలు.

*రెండో గేటు: విషయం సరిగా ఉందా?* ఇది మీ సబ్జెక్టు బలం మీద ఆధారపడిన గేటు. మొదటి మెట్టులో రాసుకున్న అపోహల కాగితం ఇక్కడ తీయండి. బల్బు వెలిగే యానిమేషన్‌లో ఎలక్ట్రాన్ల చుక్కలు బల్బులోకి ఎక్కువ వెళ్లి తక్కువ బయటికి వస్తున్నట్టు చూపిస్తే, మాటల్లో ఎంత సరిగా చెప్పినా దాన్ని పక్కన పెట్టేయండి. పిల్లలకి గుర్తుండేది బొమ్మ. 'ఓమ్ నియమం అన్ని వస్తువులకీ వర్తిస్తుంది' అన్నా అంతే. బల్బు ఫిలమెంటు వేడెక్కితే దాని నిరోధం మారుతుంది, డయోడ్ గ్రాఫు సరళరేఖ కాదు. ఎలక్ట్రాన్లు కదిలే దిశ, మనం గుర్తించే కరెంటు దిశ ఎదురెదురని చెప్పకుండా బాణాలు గీసే వీడియోల్ని కూడా అనుమానంగానే చూడండి. ఏఐతో చేసిన వీడియోలు, క్విజ్‌లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటిలో వాక్యాలు నున్నగా ఉండి లెక్కలు తప్పుతుంటాయి. ప్రతి జవాబునీ పెన్నూ కాగితంతో చేసి చూడందే ఇవ్వకండి.

*మూడో గేటు: నేర్పుతుందా, చూపించి వదిలేస్తుందా?* రిచర్డ్ మేయర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో దశాబ్దాలపాటు దీని మీదే పనిచేశారు. ఆయన చెప్పిన సూత్రాల్లో మనకి రోజూ పనికొచ్చేవి కొన్ని. విషయంతో సంబంధం లేని బొమ్మలు, సంగీతం నేర్చుకోవడాన్ని తగ్గిస్తాయి. చెబుతున్న మాటల్నే తెర మీద యథాతథంగా నింపేస్తే బొమ్మ మీద దృష్టి నిలవదు. పాఠం చిన్న ముక్కలుగా, పిల్లలు తమ వేగంతో ముందుకి వెళ్లేలా ఉంటే మేలు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో సుమారు 69 లక్షల వీడియో సెషన్లని పరిశీలించిన 2014 నాటి అధ్యయనం కూడా ఆరు నిమిషాలలోపు వీడియోలనే జనం శ్రద్ధగా చూశారని తేల్చింది. అరగంట వీడియోలో మీకు కావాల్సింది 12వ నిమిషం నుంచి 16వ నిమిషం దాకా అయితే ఆ సమయాలే రాసివ్వండి. యూట్యూబ్ లింకుని ఆ క్షణం నుంచే మొదలయ్యేలా పంపవచ్చు.

*నాలుగో గేటు: అందరికీ అందుతుందా?* శబ్దం ఆపేసి ఒకసారి చూడండి, కళ్లు మూసుకుని ఒకసారి వినండి. వినికిడి సమస్య ఉన్న పిల్లకి క్యాప్షన్లు కావాలి. 'ఇక్కడ చూడండి, ఇలా అవుతుంది' అని మాత్రమే చెప్పే వీడియో చూపు సరిగా లేని పిల్లాడికి ఏమీ చెప్పదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చూపే బొమ్మ వర్ణాంధత్వం ఉన్నవాళ్లకి ఒకేలా కనిపిస్తుంది.

*ఐదో గేటు: పిల్లల నుంచి ఏం అడుగుతోంది?* లాగిన్, ఫోన్ నంబరు, లొకేషన్ అడిగే యాప్‌లని మామూలుగా నేను తీసుకోను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. రెండు రోజులు ఉచితంగా ఇచ్చి, తర్వాత ఇంటికి ఫోన్లు చేసి కోర్సు అమ్మే యాప్‌లు ఈ గేటు దగ్గరే ఆగిపోవాలి.

*ఆరో గేటు: హక్కులు.* కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ బోధనలో భాగంగా టీచరుకి, విద్యార్థికి కొంత వెసులుబాటు ఇస్తుంది. తరగతి గదిలో వాడుకోవడం వేరు, దాన్ని మీ ఛానల్లోనో వెబ్‌సైట్‌లోనో లోకమంతా చూసేలా పెట్టడం వేరు. క్రియేటివ్ కామన్స్ గుర్తు, అంటే ఏ షరతుల మీద వాడుకోవచ్చో తయారుచేసినవారే ముందుగా చెప్పే లైసెన్స్, ఉంటే పని సులువు. 'బై' అంటే పేరు చెప్పాలి, 'ఎస్ఏ' అంటే మీరు మార్చినదాన్ని కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి, 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి కుదరదు, 'ఎన్‌డీ' అంటే మార్చి పంచకూడదు. వికీపీడియా వ్యాసాలు 'బై-ఎస్ఏ' కిందికి వస్తాయి. మీరు తెలుగులోకి తర్జుమా చేసి పంచాలనుకుంటే 'ఎన్‌డీ' ఉన్నదాన్ని ముట్టుకోకండి.

5. ఒక వనరుని దగ్గరగా చూద్దాం

ఫెట్‌లో ఓమ్ నియమం సిమ్యులేషన్ తెరవగానే వోల్టేజి 4.5 వోల్టులు, నిరోధం 500 ఓమ్‌లు, కరెంటు 9 మిల్లీ ఆంపియర్లు అని కనిపిస్తాయి. పైన సూత్రంలోని అక్షరాలు విలువల్ని బట్టి పెద్దవీ చిన్నవీ అవుతాయి. వోల్టేజిని 9కి జరిపితే కరెంటు 18కి పెరుగుతుంది. వెనక్కి తెచ్చి నిరోధాన్ని 1000 చేస్తే 4.5కి దిగుతుంది. విషయం సరిగ్గా ఉంది, లాగిన్ లేదు, ఫోన్‌లో నడుస్తుంది.

అయినా పిల్లకి లింకు మాత్రమే ఇస్తే అక్షరాలు పెరగడం చూసి నవ్వుకుని మూసేస్తుంది. దాని పక్కన పని ఉండాలి: 'నిరోధం 500 దగ్గర ఉంచి వోల్టేజిని 1, 2, 3, 4, 5 చేసి కరెంటు రాయి. నోట్‌బుక్‌లో గ్రాఫు గీయి. ఇప్పుడు నిరోధాన్ని 1000 చేసి అదే గ్రాఫు మీద రెండో గీత గీయి. ఏది నిటారుగా ఉంది, ఎందుకు?' మర్నాడు తరగతిలో ఆ గ్రాఫులతోనే పాఠం మొదలవుతుంది.

కరెంటు ఖర్చయిపోతుందన్న అపోహకి ఇదే సంస్థవారి సర్క్యూట్ కిట్ బాగా పనిచేస్తుంది. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బు కలిపి, అమ్మీటరుని బల్బుకి ముందు ఒకసారి, వెనక ఒకసారి పెట్టమనండి. రెండుచోట్లా 0.9 ఆంపియర్లే. పెట్టే ముందే ఏమొస్తుందో ఊహించి రాయమనడం మర్చిపోవద్దు. ఊహ తప్పినప్పుడే పిల్లలు ఆగి ఆలోచిస్తారు.

6. నమోదు: ఒక షీటు, కొన్ని గడులు

గ్రంథాలయ లోకంలో డబ్లిన్ కోర్ అనే పద్ధతి ఉంది. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్‌లో జరిగిన సమావేశంలో పుట్టింది. ఏ డిజిటల్ వస్తువునైనా 15 అంశాలతో వర్ణిస్తుంది. మనకి అన్నీ అక్కర్లేదు. గూగుల్ షీటులో ఈ గడులు చాలు: పేరు, లింకు, తరగతి–పాఠం, ఏ తడబాటు కోసం, రకం, నిడివి లేదా డేటా, భాష, తయారుచేసినవారు, లైసెన్స్, ఆఫ్‌లైన్‌లో నడుస్తుందా, పిల్ల చేయాల్సిన పని, చివరిగా తెరిచి చూసిన తేదీ. 'పిల్ల చేయాల్సిన పని' గడి ఖాళీగా ఉంటే ఆ వనరు జాబితాలోకి ఇంకా రానట్టే.

తిరస్కరించినవాటికి కూడా ఒక చిన్న పేజీ ఉంచండి, కారణం ఒక్క మాటలో. లేకపోతే ఏడాది తిరిగాక మీరో, మీ తోటి టీచరో అదే వీడియోని మళ్లీ మొదటినుంచి చూస్తారు.

7. ఫైళ్లు, ఫోల్డర్లు

ఫోల్డర్లు తరగతి, సబ్జెక్టు, పాఠం వరకే ఉండాలి. నాలుగో పొర వస్తే ఎవరూ లోపలికి వెళ్లరు. ఫైలు పేరు ముందు 01, 02 అని రెండంకెలు పెట్టండి, లేకపోతే కొన్నిచోట్ల 10 వచ్చి 2 కన్నా ముందు కూర్చుంటుంది. 'ఫైనల్', 'కొత్త ఫైనల్' లాంటి పేర్లు వద్దు, 2025-06-12 అని తేదీ వేస్తే వరుస దానంతటదే కుదురుతుంది.

తెలుగువాళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన పాత నోట్సులు, ప్రశ్నపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో టైప్ చేసినవి. కంటికి తెలుగే, లోపల మాత్రం యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కాదు. దాంతో వెతికితే దొరకవు, తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. పరీక్ష సులువు: ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు కాకుండా పిచ్చి గుర్తులు వస్తే ఆ ఫైలుని మార్చాల్సిందే. గూగుల్ డ్రైవ్‌లో స్కాన్ పేజీని గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాల్ని గుర్తించి ఇస్తుంది. ఒత్తులు, సున్నలు, సూత్రాలు మాత్రం కూర్చుని సరిచూసుకోవాలి.

8. పిల్లలకి ఇచ్చే తీరు

షీటు మీకోసం. పిల్లలకి ఒక పేజీ చాలు, అందులో వరుస ఉండాలి: ముందు ఊహ ప్రశ్న, తర్వాత సిమ్యులేషన్, ఆ తర్వాత చిన్న వీడియో, చివర మూడు ప్రశ్నలు. ఇది తప్పనిసరి, ఇది ఇష్టమైతే అని తేడా రాయండి. తరగతి మొత్తానికి పంపేముందు చదువులో ముందున్న ఒకరికి, వెనకబడ్డ ఇద్దరికి ఇచ్చి, పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడండి. ఎక్కడ నొక్కాలో తెలియక ఆగిన చోట ఒక స్క్రీన్‌షాట్, ఒక బాణం చేర్చండి.

నెట్ లేనివాళ్లకి ఫెట్ సిమ్యులేషన్లని ఫైలుగా దించి ఇవ్వవచ్చు, బ్రౌజర్లో తెరుచుకుంటాయి. కివిక్స్ అనే ఉచిత యాప్‌తో వికీపీడియానే ఆఫ్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. బడిలో పాత కంప్యూటరు ఒకటి ఉంటే కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, నెట్ లేకుండానే లోకల్ వైఫై మీద పాఠాలు అందించవచ్చు.

9. ఏడాదికోసారి ఇల్లు సర్దినట్టు

2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకి దొరకకుండా పోయాయని 2024లో అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ తేల్చింది. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కి మద్దతు ఆగిపోయినప్పుడు దాని మీద నడిచిన సైన్సు యానిమేషన్లు ఎన్నో మూగబోయాయి. ఫెట్‌వారు బ్రౌజర్లలో నేరుగా నడిచే హెచ్‌టీఎంఎల్5లోకి మార్చుకున్న సిమ్యులేషన్లు నిలబడ్డాయి. కాబట్టి జాబితాలో చేర్చిన రోజే ఆ పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. లింకు ఇస్తే చాలు, ఆ పేజీ నకలు తీసి ఉంచుతుంది. వీడియోలకి ఇది సాధారణంగా పనిచేయదు, వాటికి ముందే ఒక ప్రత్యామ్నాయం రాసి పెట్టుకోవాలి.

జూన్‌లో బడి తెరిచే వారం ప్రతి లింకూ ఒకసారి నొక్కి తేదీ మార్చండి. పుస్తకం మారితే పాఠం సంఖ్యలు సరిచేయండి. పోయిన ఏడాది పిల్లలు వాడనిదాన్ని, ఎంత కష్టపడి వెతికినదైనా, తీసేయండి.

షీటుని, ఫోల్డర్ని మీ సొంత మెయిల్‌లో కాకుండా బడి పేరు మీదున్న ఖాతాలో పెట్టండి. సొంత మెయిల్‌లో ఉంటే బదిలీ అయిన రోజు అదంతా టీచరుతో పాటు వెళ్లిపోతుంది. ఖాతా పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి. షీటు మొదటి పేజీలో గేట్ల వరుసని రాసి పెడితే కొత్తగా వచ్చిన టీచరు ఆ వారమే తన పాఠంతో మొదలుపెట్టగలుగుతారు.